సీ డ్రాగన్: ట్యాంకు లెక్క కుదిరింది, మంట లెక్క కుదరలేదు

(కర్నూలులో ఇంజినీరింగ్ విద్యార్థులకు, సైన్సు ఆసక్తి ఉన్నవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎగరని రాకెట్టు గురించి గంటసేపు వినడానికి ఇంతమంది వచ్చారంటే సంతోషమే. ఎగిరిన రాకెట్టులో తప్పులన్నీ ఎవరో ఒకరు దిద్దేసి ఉంటారు. ఎగరని దానిలో అవి అలాగే ఉంటాయి, లెక్క వేసుకుని మనమే పట్టుకోవచ్చు. అందుకే బోర్డు తుడిపించి పెట్టుకున్నాను.

రాకెట్టు పేరు సీ డ్రాగన్. 1962లో అమెరికాలో ఏరోజెట్ కంపెనీ తరఫున రాబర్ట్ ట్రూయాక్స్ అనే ఇంజినీరు నాయకత్వంలో నాసా కోసం చేసిన డిజైన్ ఇది. రెండు దశలు. పొడవు 150 మీటర్లు, వ్యాసం 23 మీటర్లు, పూర్తిగా నింపితే బరువు సుమారు 18,000 టన్నులు. భూమికి దగ్గరి కక్ష్యలోకి 550 టన్నులు చేర్చాలి. పోలిక కోసం, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 బరువు 3,000 టన్నులకు కాస్త తక్కువ. మన ఎల్‌వీఎం-3 640 టన్నులు. ఇప్పుడు పైన తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొత్తం కలిపి 420 టన్నుల చిల్లర. పదేళ్లకు పైగా ముక్కలు ముక్కలుగా కట్టినదానికంటే ఎక్కువ బరువు ఒక్క ప్రయోగంలో పైకి పోవాలన్నమాట.

మొదటి దశలో ఒకే ఒక్క ఇంజిన్. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. థ్రస్ట్, అంటే పైకి తోసే బలం, 36,000 టన్నులు. శాటర్న్-5 కింద ఉన్న ఎఫ్-1 ఇంజిన్ ఒక్కోటి 680 టన్నులు ఇచ్చేది. అలాంటివి 53 కలిపితే ఈ ఒక్కటి. 81 సెకన్లు మండి, 40 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 1.8 కిలోమీటర్ల వేగంతో మొదటి దశ ఊడిపోతుంది. రెండో దశలోనూ ఒకే ఇంజిన్, అది ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో 260 సెకన్లు నడుస్తుంది. థ్రస్ట్ 6,300 టన్నుల పైచిలుకు. ప్రయోగ వేదిక లేదు, టవర్ లేదు. సముద్రమే వేదిక.

దీన్ని ఇంగ్లీషువాళ్లు మొద్దు రాకెట్టు అనే అర్థంలో ముద్దుగా పిలుస్తారు. ఆ మాట నాకు నచ్చదు. మొద్దుతనం ఎక్కడ ఉంచాలో తెలిసి ఉంచడం మొద్దుతనం కాదు. ట్రూయాక్స్ తీసేసింది ఒక్క వస్తువును: పంపు.

పంపు ఎందుకు తీసేశాడో మన బోరు లెక్కలోనే చూద్దాం. రాకెట్టు ఇంజిన్ చాంబర్‌లో, అంటే ఇంధనం మండే గదిలో, ఒత్తిడి ఉంటుంది. దానికంటే ఎక్కువ ఒత్తిడితో ఇంధనాన్ని లోపలికి నెట్టాలి. నెట్టడానికి రెండు దారులు. ఆలూరు, పత్తికొండ పక్క వెయ్యి అడుగుల బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు దింపుతాం కదా, అది ఒక దారి. మోటారు తిరుగుతుంది, నీళ్లు పైకి వస్తాయి. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు, దాదాపు 30 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. రెండో దారి, గాలి కొట్టి మందు చల్లే చేతి డబ్బా. డబ్బాలో గాలి నొక్కి పెడతాం, గాలే మందును బయటికి తోస్తుంది. తిరిగే భాగం ఒక్కటీ లేదు. పెద్ద రాకెట్లన్నీ మొదటి దారి, అంటే టర్బోపంపు. మన పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ చిన్నది కాబట్టి రెండో దారి. ట్రూయాక్స్ ఏమన్నాడంటే, ప్రపంచంలోకెల్లా పెద్ద రాకెట్టు కూడా మందు డబ్బా లాగే ఉండాలని.

(నవ్వులు)

నవ్వకండి, లెక్క చూడండి. 36,000 టన్నుల థ్రస్ట్‌ను, ఒక కిలో చోదకం (ఇంధనం, ఆక్సిజన్ కలిపి) ఎంతసేపు ఎంత బలం ఇస్తుందో చెప్పే స్పెసిఫిక్ ఇంపల్స్‌తో భాగించాలి. ఇంత తక్కువ ఒత్తిడి కిరోసిన్ ఇంజిన్‌కు నేల దగ్గర 250 సెకన్లు అనుకుందాం. సెకనుకు 144 టన్నులు వస్తుంది. ఘనపరిమాణంలో 140 ఘనపు మీటర్లు, అంటే సుమారు 5,000 క్యూసెక్కులు. సుంకేసుల దగ్గర కె.సి. కాలువ పారడం చూసినవాళ్లకు 5,000 క్యూసెక్కులంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రవాహాన్ని ఒక రాకెట్టు కడుపులో ఉంచి 30 అట్మాస్ఫియర్లకు తోయాలంటే పంపుకు 420 మెగావాట్లు కావాలి. ఎఫ్-1 లాగా చాంబర్‌లో 70 అట్మాస్ఫియర్ల దాకా పెంచాలంటే పంపు 100 దాటి ఇవ్వాలి, నష్టాలు కలిపితే 1,800 మెగావాట్ల పైన. శ్రీశైలం కుడిగట్టు 770, ఎడమగట్టు 900, రెండూ కలిపినా 1,670. అంత పవర్‌హౌస్‌ను రాకెట్టులో పెట్టలేం. ఎఫ్-1 ఒక్క పంపే 55,000 హార్స్‌పవర్, దాన్ని సరిచేయడానికే ఏళ్లు పట్టింది.

పంపు లేకపోతే బరువు ఎక్కడికి పోతుంది? ట్యాంకు గోడలోకి. ఇక్కడే అసలు ఇంజినీరింగ్ ఉంది, కాస్త నిదానిద్దాం.

(బోర్డు మీద రాస్తూ) గొట్టంలాంటి ట్యాంకులో గోడ మీద పడే తన్యత, అంటే గోడను లాగి చీల్చాలని చూసే బలం, ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, గోడ మందంతో భాగిస్తే వస్తుంది. డిజైన్‌లో కిరోసిన్ ట్యాంకు 32 అట్మాస్ఫియర్లు, ఆక్సిజన్ ట్యాంకు 17, చాంబర్ 20. చాంబర్‌లో 20 ఉంటే 17 ఉన్న ట్యాంకు నుంచి ఎలా వస్తుంది అని అడగాలి మీరు. ద్రవం బరువు కూడా తోస్తుంది. రాకెట్టు రెండు జీల (భూమ్యాకర్షణకు రెండు రెట్లు) త్వరణంతో పోతుంటే, ప్రతి 10 మీటర్ల ఆక్సిజన్ స్తంభానికీ అడుగున 2.2 అట్మాస్ఫియర్లు అదనంగా వస్తాయి.

ఇప్పుడు ఒక మాట. సీ డ్రాగన్ గురించి రాసేవాళ్లు 8 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో కడతారు అని రాస్తుంటారు. లెక్క వేద్దాం. వ్యాసార్ధం 11.5 మీటర్లు, ఒత్తిడి 32 అట్మాస్ఫియర్లు, మందం 8 మిల్లీమీటర్లు. తన్యత 4,600 మెగాపాస్కల్ (ఒక్కోటి సుమారు 10 అట్మాస్ఫియర్లు) దాటుతుంది. మారేజింగ్ ఉక్కు, అంటే మన ఎల్‌వీఎం-3కి పక్కన ఉండే ఎస్-200 బూస్టర్ తొడుగుకు వాడే జాతి ఉక్కు, 1,800 దగ్గర తెగిపోతుంది. కాబట్టి కిరోసిన్ ట్యాంకుకు 8 మిల్లీమీటర్లు అసాధ్యం. 1,200 మెగాపాస్కల్ దాకా అనుమతిస్తే కిరోసిన్ ట్యాంకుకు 31 మిల్లీమీటర్లు, ఆక్సిజన్ ట్యాంకుకు 16 నుంచి 17 కావాలి. రెండో దశ ట్యాంకుల ఒత్తిడి 7 అట్మాస్ఫియర్లే. అక్కడ 7 మిల్లీమీటర్లు వస్తుంది. 8 మిల్లీమీటర్ల అంకె నప్పేది పై దశకే. అంకె చదివినప్పుడల్లా ఏ భాగానిదో అడగండి.

ఇంకో అడుగు. గోడ బరువు ఎంత? మందం సూత్రాన్ని బరువు సూత్రంలో వేస్తే వ్యాసార్ధం ఎగిరిపోతుంది. మిగిలేది ఒత్తిడి, ఘనపరిమాణం, ఉక్కు సాంద్రత, బలం. అంటే ఒక ఘనపు మీటరు చోదకానికి ట్యాంకు గోడ ఎంత బరువు అన్నది రాకెట్టు చిన్నదా పెద్దదా అన్నదాని మీద ఆధారపడదు. 32 అట్మాస్ఫియర్లకు ఘనపు మీటరుకు 43 కిలోలు. కిరోసిన్ ఘనపు మీటరు 800 కిలోలు కాబట్టి సుమారు 5 శాతం. పర్వాలేదు కదా! అదే హైడ్రోజన్ అయితే? ఘనపు మీటరు 71 కిలోలే. దానికి 32 అట్మాస్ఫియర్లు పెడితే గోడే 60 శాతం. అందుకని 7కు దించారు, అప్పుడు తొమ్మిదిన్నర కిలోలు, 13 శాతం. రెండు దశలకు రెండు వేర్వేరు ఒత్తిళ్లు ఎందుకో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

చిన్న రాకెట్టులో బాధ ఏమిటంటే, లెక్క ప్రకారం గోడ అర మిల్లీమీటరు చాలు అని వస్తుంది, కానీ అర మిల్లీమీటరు రేకును వంచకుండా, సొట్ట పడకుండా మోయలేం. పెద్దదానిలో ఆ బాధ లేదు. 30 మిల్లీమీటర్ల పలకను ఓడలు కట్టేవాళ్లు రోజూ వెల్డింగ్ చేస్తారు. అందుకే ట్రూయాక్స్ విమాన కర్మాగారానికి పోకుండా టాడ్ షిప్‌యార్డ్‌ను సంప్రదించాడు. వాళ్లు కట్టగలం అన్నారు.

నేనైతే ఆ మాట దగ్గర ఆగుతాను. మారేజింగ్ ఉక్కు మామూలు ఓడ ఉక్కు కాదు. వెల్డింగ్ అయ్యాక 480 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి ముదరబెట్టాలి, అప్పుడే బలం వస్తుంది. 23 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు మొత్తాన్ని పట్టే కొలిమి కావాలి, లేదా ట్యాంకు చుట్టూ కొలిమి కట్టాలి. పైగా బలం పెరిగేకొద్దీ ఉక్కు చిన్న పగులును కూడా ఓర్చుకోదు. 1965 ఏప్రిల్‌లో, ఇంతకంటే చాలా చిన్నదైన 6.6 మీటర్ల వ్యాసం మారేజింగ్ తొడుగును, ఘన ఇంధన బూస్టర్ కోసం ఓడల కర్మాగారంలో కట్టి, నీళ్లతో నింపి పరీక్షించారు. పూర్తి పరీక్ష ఒత్తిడికి చేరకముందే వెల్డింగ్ లోపం దగ్గర మొదలై ముక్కలైపోయింది. అదే సైజు తొడుగు వేరేచోట తక్కువ బలం గ్రేడు ఉక్కుతో కడితే నిలిచింది, 1965 నుంచి 1967 మధ్య మూడుసార్లు మండించారు కూడా. అంటే సాధ్యమే. ఓడ కట్టినంత తేలిక మాత్రం కాదు.

ఇంకో బరువు చాలామంది మరిచిపోతారు. ద్రవం ఖాళీ అయ్యాక ట్యాంకులో మిగిలే వాయువు. 32 అట్మాస్ఫియర్ల నైట్రోజన్ మామూలు వేడిలో ఘనపు మీటరుకు 36 కిలోలు తూగుతుంది. గోడ 43, గాలి 36! అందుకే ఒత్తిడిని చివరిదాకా నిలబెట్టకుండా పైకి పోయేకొద్దీ తగ్గనిచ్చారు. దాంతో ఇంకో లాభం. రాకెట్టు తేలికవుతున్నప్పుడు థ్రస్ట్ అలాగే ఉంటే చివరికి త్వరణం ఐదు జీలు దాటిపోతుంది. ఒత్తిడి పడిపోతే థ్రస్ట్ తనంతట తానే తగ్గుతుంది, దాని కోసం వేరే వాల్వు అక్కర్లేదు.

రెండో దశ నాజిల్, అంటే మంట బయటికి పోయే గరాటు, గురించి. డిజైన్‌లో నాజిల్ మూతికీ గొంతుకూ విస్తీర్ణ నిష్పత్తి మొదట 7, తర్వాత 27 అని ఉంటుంది. ఈ రెండు అంకెలు ఎందుకు? చాంబర్‌లో 6 అట్మాస్ఫియర్లు అనుకుంటే, 6,300 టన్నుల థ్రస్ట్‌కు గొంతు విస్తీర్ణం 60 చదరపు మీటర్లు కావాలి. దాన్ని 7తో గుణిస్తే 420. ఆ వృత్తం వ్యాసం 23 మీటర్లు. రాకెట్టు వ్యాసం ఎంత? అదే 23. అంటే శరీరంలో పట్టేంత నాజిల్‌తో బయలుదేరి, శూన్యంలోకి పోయాక దాన్ని విప్పుకుని 45 మీటర్లు చేస్తారు. గొడుగు విప్పినట్టు. మొదటి దశ మొనను ఈ నాజిల్ లోపలికి దూర్చి పొడవు కూడా కలిసొచ్చేలా చేశారు. చాలా తెలివైన అమరిక. 45 మీటర్ల నాజిల్ విచ్చుకుంటూ మంట కారకుండా ఎలా అతుక్కుంటుంది అన్నది మాత్రం కాగితం మీద తేలే విషయం కాదు.

ఇక సముద్రం. రాకెట్టును పడుకోబెట్టి ఓడ లాగుకుపోతుంది. కిరోసిన్ ఒడ్డునే నింపుతారు. సముద్రంలోకి పోయాక చల్లటి ద్రవాలు. ఇంజిన్ వైపు బరువు కోసం కట్టిన బల్లాస్ట్ ట్యాంకులోకి నీళ్లు వదిలితే ఆ కొస మునిగి రాకెట్టు నిలబడుతుంది. హైడ్రోజన్ ట్యాంకు బరువు తక్కువ, తొలగించే సముద్రపు నీళ్లు చాలా ఎక్కువ. కాబట్టి పై భాగం బెండులాగా తేలుతుంది, కింది భాగం గుండులాగా లాగుతుంది. మొన మాత్రం నీటిపైన కనబడుతుంది.

హైడ్రోజన్ ఎక్కడిది? అణుశక్తితో నడిచే విమానవాహక నౌకను పక్కన నిలిపి, సముద్రపు నీటిని కరెంటుతో విడగొట్టాలని ఆలోచన. రెండో దశలో సుమారు 4,000 టన్నుల చోదకం. ఒకటికి అయిదు నిష్పత్తి అనుకుంటే హైడ్రోజన్ 670 టన్నులు. కిలోకు 50 యూనిట్లు చొప్పున మూడు కోట్ల ముప్పై లక్షల యూనిట్లు, ద్రవంగా మార్చే ఖర్చు వేరే. మన ఓర్వకల్లు పక్కన గని, శకునాల దగ్గరున్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు రోజుకు దాదాపు అరకోటి యూనిట్లు ఇస్తుందనుకున్నా, వారం రోజుల ఉత్పత్తి మొత్తం ఇందులోకే పోతుంది. అంత చేసినా ఆ నీటి నుంచి వచ్చే ఆక్సిజన్ 5,300 టన్నులే. రెండు దశలకూ కావలసింది పదివేల టన్నుల పైన. మిగతాది గాలి నుంచి తీయాల్సిందే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే. ఇంజిన్ నీటిలో ఎంత లోతున ఉంది? మొన మాత్రమే పైన ఉంటే దాదాపు 130 మీటర్లు. అక్కడ నీటి ఒత్తిడి, పైన ఉన్న గాలి ఒత్తిడితో కలిపి, 14 అట్మాస్ఫియర్లు. చాంబర్ ఒత్తిడి 20. నాజిల్ గొంతులో వాయువు ధ్వని వేగం అందుకోవాలంటే లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి 1.8 రెట్లు ఉండాలి. ఇక్కడ 1.4 మాత్రమే. అంటే వెలిగించిన క్షణంలో నాజిల్ నాజిల్‌లా పనిచేయదు, సముద్రం మాట వినాల్సిందే. బల్లాస్ట్ వదిలేశాక తేలే బలంతో రాకెట్టు కదలడం మొదలై, కొన్ని పదుల మీటర్లు పైకి వచ్చాకే మంట దారిలో పడుతుంది. దీన్ని పరీక్షించారా? ట్రూయాక్స్ నీటి నుంచి రెండు చిన్న రాకెట్లను ప్రయోగించి చూశాడు. సీబీ అని ఏరోబీ రాకెట్టును మార్చింది ఒకటి. సీహార్స్ అని కార్పొరల్ క్షిపణితో చేసింది ఇంకోటి. తడిసినా మళ్లీ వాడొచ్చని, నీళ్లలో వెలుగుతుందని రుజువైంది. కానీ కార్పొరల్ పొడవు 14 మీటర్లు. దాని ఇంజిన్ మీద నీటి ఒత్తిడి అట్మాస్ఫియరున్నర కూడా లేదు. 130 మీటర్ల సమస్య ఆ ప్రయోగంలో లేనే లేదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది, చాంబర్‌లో. 20 అట్మాస్ఫియర్లతో 36,000 టన్నులు కావాలంటే గొంతు వ్యాసమే 12 మీటర్లు దాటుతుంది. నాలుగంతస్తుల మేడ అడ్డంగా పడుకున్నంత. చాంబర్ 14 మీటర్లు అనుకుందాం. చాంబర్‌లో మంట ఎప్పుడూ కుదురుగా మండదు. ఒకచోట కాస్త ఎక్కువ మండితే ఒత్తిడి అల పుట్టి, అడ్డంగా గోడకు తగిలి తిరిగొస్తుంది. వచ్చేసరికి కొత్త ఇంధనం అందితే అల ఇంకా పెరుగుతుంది. ఇలా పెరిగితే సెకనులోపే ఇంజిన్ కరిగిపోతుంది. ఎఫ్-1కు చాంబర్ ఒక మీటరు, అందులో ఈ అల సెకనుకు కొన్ని వందలసార్లు ఊగుతుంది. ఇంధనాన్ని చాంబర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ పలక మీద రాగి అడ్డుగోడలు పెట్టి 13 గదులు చేశారు. నడుస్తున్న ఇంజిన్ లోపల చిన్న బాంబు పేల్చి, అల్లరి ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చూశారు. అలా సుమారు 2,000 పూర్తిస్థాయి పరీక్షలు.

14 మీటర్ల చాంబర్‌లో అదే అల సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఇంత నెమ్మది ఊపు పైపుల్లోని ద్రవంతో, ట్యాంకు గోడలతో, రాకెట్టు మొత్తంతో తాళం కలుపుతుంది. అడ్డుగోడలు పెట్టాలన్నా మీటర్ల ఎత్తువి కావాలి, అవి మంటలో నిలవాలి. పరీక్ష చేయాలంటే పది సెకన్లకు 1,440 టన్నుల చోదకం, 36,000 టన్నులను పట్టి ఉంచే కట్టడం. 2,000 పరీక్షలు వదిలేయండి, ఇరవై చేయగలరా? పంపు తీసేసి మిగిల్చిన కష్టమంతా ఈ చాంబర్‌లోకి వచ్చి కూర్చుంది. లెక్క తేలని చోటు ఏదని నన్నడిగితే ఇదే చూపిస్తాను.

టీఆర్‌డబ్ల్యూ అనే అమెరికా అంతరిక్ష కంపెనీ ఈ డిజైన్‌ను, ఖర్చు అంచనాలను తిరగేసి చూసి, ఫరవాలేదంది. 1960ల నడుమ నాసా బడ్జెట్ కోతలకు, భవిష్యత్ ప్రాజెక్టులు చూసే విభాగాన్నే మూసేశారు. సీ డ్రాగన్ కాగితం మీదే ఉండిపోయింది.

ప్రశ్నలుంటే అడగండి.

— సార్, ఒక్క ఇంజిన్‌కు బదులు చిన్నవి యాభై పెట్టుకుంటే?

మంచి ప్రశ్న. సోవియట్‌వాళ్లు తమ చంద్రుడి రాకెట్టు ఎన్-1కు 30 పెట్టారు. 1969 నుంచి 1972 దాకా నాలుగు ప్రయోగాలు, నాలుగూ విఫలం. దహనం సమస్య చిన్న చాంబర్లలో తీరింది. బదులుగా పైపులు, కంట్రోల్, ఒకటి పేలితే పక్కవి పేలడం వచ్చి పడ్డాయి. ఇప్పుడు స్టార్‌షిప్ కింద 33 ఇంజిన్లు నడుస్తున్నాయి. ఆ మధ్యకాలంలో మారింది కంట్రోల్ కంప్యూటర్, సెన్సర్లు. 1962లో అవి లేవు కాబట్టి ఒకటే పెట్టడం ఆ రోజుకు పిచ్చి ఆలోచన కాదు.

— సార్, మొదటి దశ సముద్రంలో పడితే పగిలిపోదా? మళ్లీ ఎలా వాడతారు?

మామూలు రాకెట్టు అయితే పగులుతుంది అమ్మా. దీని గోడ 16 నుంచి 31 మిల్లీమీటర్లు, పైగా లోపల మిగిలిన వాయువు ఒత్తిడి గోడను లోపలికి నొక్కుకుపోకుండా నిలబెడుతుంది. గాలి ఉన్న లారీ టైరు, గాలి లేని టైరు తేడా లాంటిది. మామూలు ప్రయోగంలో అది 290 కిలోమీటర్ల దూరంలో పడి పోతుందనే లెక్క వేసుకున్నారు, తిరిగి తేవడాన్ని విడిగా పరిశీలించారు. ట్యాంకు బతుకుతుందనే నేనూ అనుకుంటాను. నాజిల్ బతకదు. ఎర్రగా కాలిన నాజిల్ గోడ గొట్టాల్లోకి చల్లటి ఉప్పునీరు ఒక్కసారిగా దూరితే వెల్డింగులు ముందు పోతాయి. తెచ్చిన దశలో ప్రతి గొట్టాన్నీ ఒత్తిడి పెట్టి చూడాల్సి వస్తుంది, అది ఎన్ని రోజుల పనో గొట్టాల లెక్క తేలితేనే చెప్పగలం.